యాసంగి కోతల ముందు శీనుకో ఉత్తరం

ఒరేయ్ శీనూ,

వచ్చే వారం హార్వెస్టర్ మాట్లాడుకున్నానని రాశావు. ఏప్రిల్ నడిమిలో జగిత్యాల వైపు ఎండ 40 దాటుతుంది, వడ్లు రెండు రోజుల్లో ఆరిపోతాయని నీ ధీమా. ఆ ఎండే వాననూ లేపుతుందిరా.

ఈ రోజుల్లో విదర్భ నుంచి మరాఠ్వాడా, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా తరచూ ఒక ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువుండే పొడవాటి పట్టీ, ఉంటుంది. దానికి పడమట పొడిగాలి, తూర్పున బంగాళాఖాతం తేమ. పొద్దున్నే ఉక్కపోత, మధ్యాహ్నం మాడే ఎండ ఉంటే రెండు మూడు గంటలకల్లా మబ్బు పది కిలోమీటర్లకు పైన లేస్తుంది. గాలిదుమారం, రాళ్లవాన అందులోంచే. అదే ద్రోణి తూర్పుకు జరిగి వాయవ్య గాలి తోలిందా, వాన పోయి వడగాడ్పులు. అందుకే వాతావరణ శాఖ బులెటిన్‌లో డిగ్రీల కంటే ముందు ద్రోణి ఎక్కడుందో చూడు.

'ఒకటి రెండు చోట్ల' అని రాస్తే తేలిగ్గా తీసుకోకు. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల వాన పడొచ్చని దానర్థం. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం. ఎన్ని చోట్ల అన్నదే ఆ లెక్క, ఎంత గట్టిగా అన్నది కాదు. పడ్డచోట కల్లం కొట్టుకుపోవచ్చు. ఇంకోటి, వాళ్ల రోజు పొద్దున 8.30కి మొదలై మర్నాడు 8.30 దాకా నడుస్తుంది. మంగళవారం హెచ్చరికలో ఆ రాత్రి కూడా ఉన్నట్టే. బులెటిన్‌లో మొదటి మూడు రోజుల సూచన నమ్మి పని పెట్టుకో, ఆ తర్వాతవి దారి చూపడానికే. కోత రోజున మాత్రం మూడు గంటలకోసారి వచ్చే సూచన చూస్తుండు.

నన్నడిగితే పొలమంతా ఒకేసారి కోయించకు. ఎకరానికి పాతిక క్వింటాళ్లనుకుంటే, రెండంగుళాల మందాన ఆరబోయడానికి దాదాపు వంద చదరపు గజాలు కావాలి. నీ కల్లం, నీ టార్పాలిన్ పట్టాలు ఎన్ని ఎకరాలకు సరిపోతే అంతే కోయించు. మిషన్ కోత వడ్లలో తేమ ఇరవై శాతం పైనే ఉంటుంది, కొనుగోలు కేంద్రంలో 17 దాటితే తీసుకోరు. కల్లం చుట్టూ జానెడు లోతు కాలువ తీయి. చాలాసార్లు వడ్లు తడిసేది పైనుంచి కాదు, పట్టా కిందికి పారిన నీళ్లతో. పట్టా అంచులకు మట్టిబస్తాలు పెట్టి తాడు బిగించు, లేకపోతే మొదటి గాలికే లేస్తుంది. వాన వెలిశాక పట్టా వెంటనే తీయి. పచ్చి వడ్లు కప్పితే లోపల వేడెక్కి రంగు మారి మొలకొస్తాయి. కోయకముందే పడిపోయిన వరికి లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొడితే మొలక ఆగుతుంది.

ఉరుము సంగతి కూడా. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టు, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పైలోపు వినిపిస్తే పిడుగు పదికిలోమీటర్లలో ఉన్నట్టే. కూలీలందర్నీ ఇంట్లోకి పంపు. మామిడిచెట్టు కిందికి మాత్రం వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కల్లంలోకి దిగొద్దు, వడ్లు తడిసినా సరే.

వడ్లలో తేమ ఎంత వచ్చిందో రాయి.

నీ రవి