‘ఆఖరి పంటు’ పేజీలో లేబుళ్లు ఇలా ఉంటాయి

మా గేములు కొని ఆడుతున్న అందరికీ భీమవరం నుంచి నమస్కారమండి.

మా గేము ‘ఆఖరి పంటు’ డెమో ఆడినవాళ్లు రాసిన మెయిళ్లు ఎక్కువగా మాధురి గురించే. నరసాపురంలో లేసు ఆర్డర్ల లెక్కలు చూసే మాధురి ట్రాన్స్ మహిళ. సఖినేటిపల్లి నుంచి పంటెక్కి (గోదావరి దాటించే పెద్ద పడవ) వచ్చే సత్తిబాబుతో ఆమె ప్రేమకథ ఇది, పెద్దలకు మాత్రమే. ‘ట్రాన్స్ పాత్ర ఉందని ముందే వార్నింగ్ వెయ్యాలి కదా’ అని కొందరు రాశారు. ‘ఏమీ చెప్పొద్దు, చివర్లో ట్విస్టుగా పెడితే అదిరిపోద్ది’ అని ఇంకొందరు. రెండూ చెయ్యట్లేదు.

సెక్స్, హింస అని రాసే వరసలో మాధురిని కూడా నిలబెట్టడం నాకు నచ్చలేదు. యూరప్‌లో గేములకి రేటింగిచ్చే పెగీ గుర్తులు చూడండి: హింస, బూతులు, భయం, జూదం, సెక్స్, డ్రగ్స్, వివక్ష లాంటివి. ట్రాన్స్ పాత్ర ఉందని హెచ్చరించే గుర్తు అందులో లేదు. ఇక ట్విస్టు సంగతి. ‘మమ్మల్ని మోసం చేసింది’ అనే సాకుతోనే బయట ట్రాన్స్ మహిళల మీద చెయ్యి చేసుకుంటున్నారు. అదే సాకు మా గేములో క్లైమాక్స్ అవ్వడం నాకిష్టం లేదు. మాధురి మొదటి చాప్టర్లోనే, టీ తాగుతూ, తన సంగతి తనే చెప్పేస్తుంది.

అందుకని పేజీలో పాత్రల దగ్గర ఇలా ఉంటుంది: ‘మాధురి, 29, లేసు ఎక్స్‌పోర్టు ఆఫీసులో అకౌంటెంటు, ట్రాన్స్ మహిళ. సత్తిబాబు, 32, రొయ్యల చెరువు లీజుదారు.’ ఇద్దరికీ ఒకటే సైజు అక్షరాలు. ట్యాగుల్లో ‘ట్రాన్స్‌జెండర్’ కూడా ఉంటుంది, అలాంటి కథ కోసం వెతికేవాళ్లకి దొరకాలి కదా. హెచ్చరికల్లో ఉండేవి వేరు: ‘శృంగార సన్నివేశాలు, కొంత నగ్నత్వం, అన్న చెల్లెల్ని కొట్టే సీను, పాత పేరు పెట్టి పిలిచి పదిమందిలో అవమానించే సీను.’ ఈ చివరిది, మేం డబ్బిచ్చి స్క్రిప్టు చదివించిన ట్రాన్స్ మహిళలు చెప్పి చేర్పించారు. కొట్టే సీను కన్నా అదే ఎక్కువ గుచ్చుకుందట. ఆ రెండు సీన్లకీ స్కిప్ బటన్ ఉంది, నొక్కితే కథేమీ తెగదు.

‘ఆపరేషన్ అయిందా లేదా రాయండి’ అని అడిగినవాళ్లకి: రాయం. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద వచ్చిన నల్సా కేసు తీర్పులో సుప్రీంకోర్టే, జెండర్ గుర్తించడానికి సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టకూడదంది. సీన్లలో ఎంతవరకు చూపిస్తామో పేజీలో ఉంది, కొనేవాళ్లకి కావాల్సింది అంతే.

బూతు సైట్లలో వాడే కేటగిరీ మాటలు ట్యాగుల్లో పెడితే సేల్స్ బాగుంటాయని మార్కెటింగ్ తెలిసిన ఫ్రెండు చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మాట చూసి వచ్చినవాడికి కావాల్సిన సరుకు మా దగ్గర లేదు. మా కింద షాపులో రొయ్యల మేత బస్తా మీద రాసిన ప్రొటీన్ లోపల లేకపోతే రైతు ఊరుకుంటాడా? ఆ మాటలు మనుషుల్ని కించపరిచేవి కూడా. ఈ నెల అమ్మకాలు తగ్గితే తగ్గనీ (ఇన్వర్టరు బ్యాటరీ మార్చడం మళ్లీ వాయిదా).

ఇంకో టెన్షన్ కూడా ఉంది. 2025 జులైలో పేమెంట్ కంపెనీల ఒత్తిడితో చిన్న డెవలపర్లు గేములు అమ్ముకునే ఇచ్.ఐఓ సైటు పెద్దల గేముల్ని మొత్తంగా సెర్చ్‌లోంచి తీసేసింది. క్వీర్ కథలు చెప్పే చిన్న డెవలపర్లు కూడా అందులో దెబ్బతిన్నారు. రేపు మళ్లీ ఎవరైనా జల్లెడ పట్టినా, పాత్ర ఎవరన్నదీ, సీనులో ఏముందన్నదీ విడివిడిగా రాసి ఉంటే కనీసం వాదించడానికి కాగితం ఉంటుంది.

రిఫండ్ ఎప్పటిలాగే ఇస్తాం, కారణం అడగం. మెయిల్లో మాధురిని తిడితే మాత్రం డబ్బులే వస్తాయి, జవాబు రాదు. పాత గేముల పేజీలు కూడా ఇదే పద్ధతికి మారుస్తున్నాం, దసరాకి అయిపోవాలి. ఏ పేజీలోనైనా హెచ్చరిక సరిపోలేదనిపిస్తే, సీను పేరుతో సహా రాయండి.