మా సండే స్కూల్‌కు కథలు చెప్పిన పెద్దలకు కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు పల్లెలకు రావడం ఏటా ఉండేదే. ఈసారి మా పొలాల్లో డేరాలు వేసుకున్నవాళ్ల పిల్లలు కూడా సండే స్కూలుకు వచ్చారు. మా పిల్లలేమో వాళ్ల పక్కన కూర్చోరు. పేర్లు కూడా అడగకుండా "డేరా వాళ్లు" అనేవారు. నీ పొరుగువాని ప్రేమించు అనే వాక్యం అందరికీ కంఠతా వచ్చు. అయినా చాప మీద మధ్యలో ఖాళీ అలాగే ఉండేది. ఆ టెన్షన్‌తోనే సంఘంలో సాయం అడిగాను.

ముందుగా మా బుర్రకథ తాతగారికి వందనాలు. ఈ వయసులో తంబురా భుజానేసుకుని వచ్చి, గుమ్మెటలతో ఇద్దరు యూత్ తమ్ముళ్లను పక్కన నిలబెట్టుకుని, లూకా 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథ ఎత్తుకున్నారు. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లేవాడిని దొంగలు కొట్టి పడేస్తే, యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడొకడు ఆగి ఆదుకున్న కథ అది. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో ఆ మట్టానికే దాదాపు 250 మీటర్ల దిగువన ఉంటుంది. ఆ కొండదారి దిగుతున్నకొద్దీ గుమ్మెట దరువు సన్నగిల్లింది. కథంతా దెబ్బలు తిని పడి ఉన్నవాడి వైపు నుంచే చెప్పారు. అడుగుల చప్పుడు దగ్గరికొస్తుంది, ప్రాణం లేచి వస్తుంది, అంతలో ఆ చప్పుడు పక్కగా దాటిపోతుంది. ముందు యాజకుడు, తర్వాత దేవాలయ సేవ చేసే లేవీయుడు.

"యాజకుడికి భయమేసిందేమో తాతా, దొంగలు ఇంకా అక్కడే ఉంటే?" అన్నాడొక బాబు. తాతగారు కసురుకోలేదు. "వేసే ఉంటుంది నాయనా. మరి సమరయుడికి వెయ్యలేదంటావా?" అని అడిగి ఆగిపోయారు. ఎంతసేపైనా జవాబు ఆయన చెప్పలేదు. కథ అవగానే నీతి చెప్పేయాలనే తొందర మన పెద్దలకే ఎక్కువ.

గాయపడినవాణ్ణి చూసుకొమ్మని సమరయుడు పూటకూళ్లవాడికిచ్చిన రెండు దేనారాల దగ్గరికి వచ్చి, దేనారమంటే ఒక రోజు కూలి అన్నారు. డేరాల నుంచి వచ్చిన ఒక పాప వెంటనే, "మా అమ్మ రెండు రోజులు కాయలు కోస్తే వచ్చే డబ్బులు! ముఖం తెలియనోడికి ఇచ్చేశాడా?" అంది. ఆ కూలి విలువ మా అందరిలోకీ ఆ పాపకే బాగా తెలుసు. మా పిల్లలు అటు తిరిగి, మీ అమ్మకు చేతులు మండవా అని అడగడం మొదలుపెట్టారు.

పాత చీరలతో బొమ్మలు కుట్టిన అక్కకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. తప్పిపోయిన గొర్రె కథ చెప్పి, తలా ఒక బొమ్మ ఇచ్చి, దాని తరఫున మాట్లాడమన్నారు. మనల్ని అలా వెదుక్కుంటూ వచ్చిన కాపరి యేసయ్యేనని అక్క చెబుతుంటే చిన్నవాళ్లకు కూడా అర్థమైంది. ఆయన ప్రేమ రుచి తెలిసిన పిల్లలే పక్కవాళ్ల బాధ కనిపెడతారని నా నమ్మకం.

ఆ మధ్య ఖాళీ పూర్తిగా పోయిందని చెప్పను. కొందరు జరిగి చోటిచ్చారు. ఆ పాపను పేరు పెట్టి పిలుస్తున్నారు. వాళ్ల నాయనకు జ్వరమొస్తే మా పిల్లలే ప్రార్థన చేశారు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఇన్ని పనులున్నా మాకు సమయమిచ్చిన పాస్టరుగారికి, ఎండలో కోత కోసి వచ్చి కూడా పిల్లలకు తలదువ్వి పంపిన ఆ అమ్మలకు మా కృతజ్ఞతలు. బొమ్మలు చర్చి బీరువాలో ఉన్నాయి. వేసవి వీబీఎస్‌కు (పిల్లల సెలవుల బైబిలు తరగతులకు) పక్క ఊళ్ల సంఘాలవారు ఎవరైనా తీసుకెళ్లవచ్చు.