లూప్ బ్యాండ్‌విడ్త్ సంగతి

ఒరేయ్ శీనూ,

అంతరిక్షంలో తిరిగే జీపీఎస్ రిసీవర్‌కి పీఎల్ఎల్ (సిగ్నల్ ఫేజ్‌ని వెంటాడే లూప్) బ్యాండ్‌విడ్త్, అంటే ఆ లూప్ చురుకుదనం, ఎంత పెట్టాలని అడిగావు. ఒక్క అంకెతో తేలే పని కాదురా.

నాసావాళ్ల ఎమ్‌ఎమ్‌ఎస్ ఉపగ్రహాలనే చూడు. 2015లో ఎగిరాయి. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు గంటకు 35,000 కిలోమీటర్ల పరుగు. అదే రిసీవర్ 2019లో 1,87,000 కిలోమీటర్ల ఎత్తులోనూ జీపీఎస్ పట్టింది. జీపీఎస్ ఉపగ్రహాలేమో 20,200 దగ్గరే ఉండి, కిందకి చూస్తుంటాయి. అంత పైకి చేరేది భూమి అంచు పక్కగా తప్పించుకొచ్చిన కాస్త సిగ్నలూ, సైడ్‌లోబులూనే (యాంటెన్నా నుంచి పక్కలకి చిందే బలహీన సిగ్నల్).

మసక వెలుతురులో అక్షరం చదవాలంటే ఎక్కువసేపు చూడాలి. కాగితం కదులుతుంటే అదీ కుదరదు. సన్నటి సిగ్నల్, వేగం రెండూ ఉన్న రిసీవర్‌కి గొడవంతా ఇదే.

లెక్క చూడు. సీ-బై-ఎన్-నాట్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 45 డీబీ-హెర్ట్జ్, బ్యాండ్‌విడ్త్ 15 హెర్ట్జ్, ఇంటిగ్రేషన్ (సిగ్నల్‌ని కూడే సమయం) 1 మిల్లీసెకను అయితే ఫేజ్ వణుకు 1.3 డిగ్రీలు. సిగ్నల్ 25కి పడితే అదే వణుకు 20 డిగ్రీలు. వణుకు 15 డిగ్రీలు దాటితే లాక్ (లూప్ సిగ్నల్‌ని పట్టుకుని ఉండడం) మీద ఆశ వదులుకో. 3 హెర్ట్జ్, 20 మిల్లీసెకన్లు పెడితే 6 లోపే. మరి ఎప్పుడూ 3 ఉంచేద్దామా? తక్కువ ఎత్తు కక్ష్యలో డాప్లర్ (వేగం వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ తేడా) సెకనుకు 47 హెర్ట్జ్ కూడా మారొచ్చు. రెండో ఆర్డర్ లూప్ 3 హెర్ట్జ్‌తో 500 డిగ్రీలు వెనకబడాలి, అంటే లాక్ ఎప్పుడో పోయినట్టే. అక్కడ త్వరణాన్ని కూడా వెంటాడే మూడో ఆర్డర్ లూపే దిక్కు.

మార్చేటప్పుడు వరస ముఖ్యం. సిగ్నల్ తగ్గుతుంటే ముందు బ్యాండ్‌విడ్త్ కుదించు, తర్వాత ఇంటిగ్రేషన్ పెంచు. 15 హెర్ట్జ్‌కి 20 మిల్లీసెకన్లు తగిలిస్తే లబ్ధం 0.3, లూప్ ఊగిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఇదే తిరగేసి చెయ్యి. ఫిల్టర్‌లో దాచుకున్న వేగం, త్వరణం విలువల్ని మాత్రం సున్నా చెయ్యకు. 20 మిల్లీసెకన్లకి వెళ్లే ముందు బిట్ అంచు (డేటా బిట్ మారే క్షణం) దొరికిందో లేదో చూసుకో, లేకపోతే బిట్ తిరగబడిన చోట కూడిందంతా కొట్టుకుపోతుంది.

అసలు ఉచ్చు వేరే ఉంది. సీ-బై-ఎన్-నాట్ పడిందంటే సిగ్నలే సన్నబడిందని అనుకోకు. లూప్ వెనకబడినా అది పడుతుంది. అప్పుడు బ్యాండ్‌విడ్త్ కుదించావో, చేతులారా చంపినట్టే. డిస్క్రిమినేటర్ (ఫేజ్ తప్పును కొలిచే భాగం) సగటు చూడు: ఒకవైపుకి ఒరిగితే కదలిక, సున్నా చుట్టూ చెదిరితే నాయిస్.

ఇంకోటి, 20 మిల్లీసెకన్ల కాస్టాస్ లూప్ (డేటా బిట్ తిరగబడినా పట్టించుకోని పీఎల్ఎల్) అసలు ఫ్రీక్వెన్సీకి 25 హెర్ట్జ్ పక్కన తప్పుడు లాక్‌లో పడొచ్చు. నీ లాగ్‌లో ఒక్క ఉపగ్రహానికే రేంజ్-రేట్ (దూరం మారే వేగం) సెకనుకు 4.8 మీటర్లు తేడా కొడుతుంటే ముందు అదే అనుమానించు.

నీ,
మూర్తి