చెట్ల క్యాలెండర్ జనవరికి రాదు, ఉగాదికి వస్తుంది

మా స్టూడియో నుంచి ఏటా చెట్ల క్యాలెండర్ తీసుకునే వారందరికీ నమస్కారం.

2026 క్యాలెండర్‌కు ముందుగానే డబ్బు కట్టిన మీకు ఈ సంగతి మరొకరి నోట వినబడే ముందు నేనే చెప్పడం న్యాయం. ప్రెస్ నుంచి కట్టలు వచ్చాయి, వాటిని నేను తిప్పి పంపించాను. కాబట్టి జనవరి ఒకటో తేదీకి మీ గోడ మీద మా క్యాలెండర్ ఉండదు.

మేము సరిచూసి సంతకం పెట్టిన ప్రూఫ్‌కూ (అచ్చుకు ముందు చూపే నమూనాకూ), యంత్రం మీద నుంచి దిగిన కాగితానికీ పోలిక లేదు. రాహుకాలం, వర్జ్యం కూడా వేస్తే బాగుంటుందని ప్రెస్ వారి డిజైనర్ తనంతట తానే అనుకొని తేదీల పట్టికను పెద్దది చేశాడు. దానికి కావలసిన చోటును ఫొటోల నుంచి కోశాడు. అది చాలదన్నట్టు, ఫొటోలు వెలవెలబోతున్నాయని కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, కూడా పెంచాడు. మాకు ఒక్క ఫోన్ చేసి అడిగిన పాపాన పోలేదు.

డిసెంబరు పేజీ కోసం ఇచ్చిన అనంతగిరి కాఫీ తోట ఫొటోనే తీసుకోండి. కాఫీ మొక్కలకు నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లను, వాటి మానులకు అల్లుకున్న మిరియాల తీగలను మీలో కొందరు మాతో పాటు వచ్చి తెల్లవారుజామున తీసినవారే. ట్రైపాడ్ కాళ్లు దింపే ముందు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి, ఏ మానూ మరో మాను మీద పడకుండా మధ్యన సందు కనిపించే చోటు వెతుక్కోవాలని నేను అక్కడ పదేపదే చెబుతూ ఉంటాను. మంచులో బెరడు గీతలు, ఆకుల రంగు అన్నీ పోయి ఆకారం ఒక్కటే మిగులుతుంది కనుక, రెండు మానులు కలిస్తే ఫొటోలో అవి ఒకే లావుపాటి మొద్దుగా కనిపిస్తాయి. ఈ ఫొటోలో ముందున్న మాను కుడి అంచుకు దగ్గరగా నిలబడితే, ఎడమవైపు సగానికి పైగా ఉన్నది మంచే. ఆ మంచులో ఒకదాని వెనుక ఒకటిగా పలచబడుతూ పోయే మానులు ఉన్నాయి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే అంత తెల్లదనాన్ని చూసి బెదిరి మంచును బూడిదరంగుకు దించేస్తుంది కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచి, అంటే రెట్టింపు వెలుతురు పడనిచ్చి మరీ ఆ పలచని మానులను నిలబెట్టుకున్నాం. డిజైనర్ ఆ ఎడమవైపునే ఖాళీ జాగా అని కత్తిరించాడు. కోతకు మిగిలిన ఒకటి రెండు పలచని మానులు కాంట్రాస్ట్ దెబ్బకు తెల్లకాగితంలో కలిసిపోయాయి. ఎదురుగా నల్లటి మాను ఒక్కటి మిగిలింది. పెళ్లి ఫొటోలో పక్కన నిలబడ్డ చుట్టాలనందరినీ కోసేసి పెళ్లికొడుకును ఒక్కడినే ఉంచినట్టుంది.

నారుమళ్ల నీళ్లలో నీడ పడిన తాటిచెట్ల ఫొటోకు కింది భాగం పోయింది. గట్టును ఫ్రేములో మూడో వంతు దగ్గర పెట్టాలనే పాఠాన్ని పక్కనపెట్టి, చెట్టుకూ నీడకూ సమానంగా చోటు దక్కాలని దానిని సరిగ్గా నడుమ ఉంచి తీసిన ఫొటో అది. ఇప్పుడు గట్టు కింది అంచున ఉంది, నీడల జాడే లేదు. చెడకుండా బయటపడింది కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే. 1989లో గిన్నిస్ బుక్‌కు ఎక్కి, సుమారు ఐదెకరాల్లో పరుచుకున్న ఆ చెట్టు మొత్తం ఒక ఫ్రేములో ఎలాగూ పట్టదు కనుక, పక్క నుంచి పడే పొద్దుటి ఎండలో ఊడల గరుకుదనం తేలేలా దగ్గరగా తీశాం. అందులో కోయడానికి డిజైనర్‌కు ఖాళీ దొరకలేదు.

తిప్పి పంపాలా వద్దా అన్న విషయంలో నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి సిగ్గుపడను. ప్రెస్ యజమాని సగం ధరకే ఇస్తానన్నారు. "ఖాళీ జాగాను ఎవరు చూస్తారు సార్, జనానికి తిథులు కావాలి" అని కూడా అన్నారు. ధర తగ్గింపు మాట నన్ను మెత్తబరిచేదేమో గానీ, ఈ రెండో మాట మాత్రం నేరుగా గుండెలో గుచ్చుకుంది. మా ఇంట్లో వారు సైతం తీసేసుకొమ్మనే సలహా ఇచ్చారు. అమెరికాలోని పిల్లలకు పార్శిల్ చేయడానికి ఎదురుచూస్తున్నవారు, కొత్త సంవత్సరానికి ఆఫీసులో పంచుదామని పది, ఇరవై కాపీలు చెప్పినవారు గుర్తుకు వచ్చినప్పుడల్లా నా పట్టుదల సడలింది. అయినా ఫొటోలో దేన్ని ఉంచాలో, దేన్ని వదలాలో తెల్లవారుజాము చలిలో మీకు నేర్పుతూ, అదే ఫొటోను కోసి మీకే అమ్మడం నా వల్ల కాలేదు. దీన్ని మొండితనమనే అనండి, కాదనను.

కొత్త క్యాలెండర్ శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది నాటికి, అంటే 2026 మార్చి 19కి, చైత్రం నుంచి ఫాల్గుణం వరకు వస్తుంది. ఇంగ్లీషు తేదీలు కూడా ఉంటాయి. అధిక జ్యేష్ఠం వచ్చిన ఏడాది కావడంతో పేజీలు పదమూడు. అదనపు పేజీకి చింతచెట్ల బాట ఫొటోను ఎంచుకున్నాను. సూర్యుడిని సరిగ్గా ఒక మాను వెనుక దాచి తీయడం వల్ల కిరణాలు లెన్సును తాకలేదు, ఎదురెండకు చిన్న చిన్న ఆకులు పచ్చగా వెలిగాయి. రాహుకాలం, వర్జ్యం కావాలనేవారి కోసం అవి ప్రతి పేజీ వెనుక ఉంటాయి. ముద్రణ వేరే ప్రెస్‌లో, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద జరుగుతుంది. మొదటి కాగితాలు దిగే వేళ నేను యంత్రం పక్కనే నిలబడి, పలచని మానులు నిలిచాయని చూశాకే మిగతావి నడపనిస్తాను.

ధర పెరగదు. ఉగాది దాకా ఆగలేనివారు ఒక్క మాట చెబితే, కట్టిన మొత్తాన్ని కట్టిన దారిలోనే వెనక్కి పంపుతాం, కారణం అడగం. తిప్పి పంపిన కాపీల్లో ఒకటి తక్కువ ధరకు ఇప్పించమని కొందరు అప్పుడే అడుగుతున్నారు. దయచేసి అడగవద్దు, ఇప్పించను.