కాదనే వీలు ఉండాలి

హైదరాబాదు,
తార్నాక

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందని రాశావు, చాలా సంతోషం. మిగతా ఉత్తరమంతా కోపమే. ధనిక దేశాల మందులకు మన పేదవాళ్లు ప్రయోగశాల ఎలుకలా, అసలు ఇక్కడ ఏ పరిశోధనా జరగనివ్వకూడదు అన్నావు. కోపం నాకూ ఉంది. కానీ ‘జరగనివ్వకూడదు’ అన్నచోట మాత్రం నీతో పోట్లాట తప్పదు.

1956లో మద్రాసులో క్షయ రోగులతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆ రోజుల్లో క్షయ వస్తే శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, నెలల తరబడి పడుకోవాల్సిందే. ఇంత దేశానికి అన్ని పడకలు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని కొందరిని శానిటోరియంలో చేర్చి, కొందరికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంత బాగానే నయమైంది. 1959లో ఫలితాలు బయటికొచ్చాక ప్రపంచమే వైద్యం తీరు మార్చుకుంది. ఆ ప్రశ్న మనది, జవాబూ మన పేదలకే ముందు పనికొచ్చింది. పరిశోధనే వద్దంటే మన జబ్బులకు మందు ఎవరు వెతుకుతారు చెప్పు?

ఇక మీ ఖమ్మం జిల్లా సంగతి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాను మూడు మండలాల్లో పదీ పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి చేసిన పని అది. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, మా మనవరాలికి వేయించమని నేనే పట్టుబడతాను. నా బాధ వేరు. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కన్న తల్లిదండ్రులు బతికే ఉన్నారు, పక్క ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదంటే, అడిగితే ‘వద్దు’ అనే హక్కు వాళ్లకు ఉందని ఎవరూ అనుకోలేదన్నమాట. మంచి టీకా మీద జనంలో భయం పుట్టించింది కూడా ఈ నిర్లక్ష్యమే.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అదే, రోగుల మీద పరిశోధనల మంచిచెడ్డలు చూసి అనుమతిచ్చే కమిటీలో, సభ్యుణ్ణని నీకు తెలుసుగా. డాక్టర్లు కానివాళ్లు ఒకరైనా ఉండాలని నిబంధన, ఆ కుర్చీ నాది. సమ్మతి ఎలా తీసుకుంటున్నారో చూడటానికి ఒకరోజు వార్డుకు వెళ్లాను. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక ఇల్లాలు, భర్తకు మూత్రపిండాల జబ్బు. ఒక కుర్ర డాక్టరు ఎంతో ఓపికగా, మంచి తెలుగులో సమ్మతి పత్రం పేజీ పేజీ చదివి వివరించాడు. వంక పెట్టడానికి లేదు. ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అంతా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది: “ఇది ఒప్పుకోకపోతే రేపు డయాలసిస్‌కు రానిస్తారా అయ్యా?”

డాక్టరు తప్పకుండా రానిస్తామన్నాడు. ఆమె నమ్మలేదు, నాకు ముఖంలోనే తెలిసింది. రోజూ ప్రాణం నిలబెట్టే చెయ్యే కాగితం చాపితే కాదనడం ఎవరి తరం? అందుకే కమిటీలో పట్టుబట్టాను: వైద్యం చేసే డాక్టరు సమ్మతి అడగకూడదు, వేరేవాళ్లు అడగాలి. కాగితం ఇంటికి తీసుకెళ్లి తమవాళ్లకు చూపించుకునే వ్యవధి ఇవ్వాలి. ఆలస్యమవుతుందని కొందరు విసుక్కున్నారు. కానీ ఒప్పుకున్నారు.

డబ్బు ఆశ ఇంకో పెద్ద గొడవ. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమల్లో మలేరియా క్రిమిని కనిపెట్టాడు కదా. ఆ దోమలతో కుట్టించుకున్నది హుస్సేన్ ఖాన్ అనే జ్వరపీడితుడు. దోమకు ఒక అణా చొప్పున పది అణాలు ముట్టాయి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఈనాటికీ ఈ ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు డబ్బు కోసం మందుల పరీక్షలకు వస్తూనే ఉన్నారు. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్ల గురించి, 2017లో జమ్మికుంట యువకుల గురించి పత్రికల్లో చదివాం. శ్రమకూ సమయానికీ డబ్బు ఇవ్వడం న్యాయమే. అప్పులవాడి ఒత్తిడి తట్టుకోలేక ఒక పరీక్ష ముగియకముందే ఇంకో చోట పేరు రాయించుకుంటున్నాడంటే మాత్రం, దాన్ని ఇష్టపూర్వకం అని నేను అనలేను.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది మహారాష్ట్ర, తమిళనాడుల్లో జరిగిన క్యాన్సర్ పరీక్షల అధ్యయనం. ముంబై, ఉస్మానాబాద్, దిండిగల్‌లలో కొందరు స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష చేశారు, పోలిక కోసం లక్షమందికి పైగా స్త్రీలను పరీక్ష చేయకుండా వదిలేసి గమనించారు. ఆ రెండో గుంపులో 254 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోయారు. వాళ్ల ఊళ్లలో ఎలాగూ పరీక్షలు లేవు కదా, మేమేమీ తీసెయ్యలేదు అని సమర్థించుకున్నారు. పరీక్ష చేస్తే ప్రాణాలు నిలుస్తాయని అప్పటికే తెలుసు సత్యం! అమెరికాలో ఏ స్త్రీనీ అలా వదిలేసి లెక్కపెట్టేవాళ్లు కారు. పేదరికాన్నే కొలబద్ద చేసుకుని, ‘వీళ్లకు ఇదే మామూలు’ అనడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

చట్టం మునుపటికంటే నయం. కొత్త మందుల పరీక్షల మీద వచ్చిన 2019 నిబంధనల ప్రకారం ఆ పరీక్షల వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాల్సిందే. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద కొత్త మందు పరీక్షిస్తే సమ్మతిని వీడియో తీయాలి. అయితే వీడియోలో తల ఊపడం కనిపిస్తుంది, భయం కనిపించదు.

వచ్చే సమావేశంలో ఒక ఖరీదైన మందు దరఖాస్తు ఉంది, వివరాలు రాయకూడదు. పరీక్ష ముగిశాక, మందు పనిచేసిన రోగులకు దాన్ని ఎన్నాళ్లు ఉచితంగా ఇస్తారో కాగితం మీద రాసివ్వమని అడగబోతున్నాను. మనుషుల మీద వైద్య పరిశోధనకు నీతి సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటన కూడా ఆ మాట చెబుతుంది. రాసివ్వకపోతే నా ఓటు వ్యతిరేకమే. ఇంకేం అడగాలో నీకు తోచింది వెంటనే రాయి, సమావేశానికి ముందే నీ ఉత్తరం అందాలి.

నీ
మాధవం