రెండో లాటు సంగతి

మూసాపేట, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు అంత సేపు మాట్లాడితే నేను ఊఁ కొట్టి ఊరుకున్నానని నీకు కోపం వచ్చింది. మీ అమ్మ పొద్దున్నే ఆ మాట నాకు చేరవేసింది. ఫోన్లో నాకు మాట తోచదు. ముప్పై ఏళ్లు సనత్‌నగర్ కంటైనర్ డిపో చుట్టూ తిరుగుతూ షిప్పింగ్ బిల్లులు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి కాగితాలు, రాసిన చెయ్యి ఇది. కాగితం ముందు పెట్టుకుంటే గానీ నా బుర్ర కదలదు.

పుణెలో ఉద్యోగం మానేసి వస్తానన్నావు. బాలానగర్, జీడిమెట్ల, చెర్లపల్లి షెడ్లలో సరుకు తయారుచేసే చిన్నవాళ్లకు విదేశాల బేరాలు చూపిస్తానన్నావు. మంచిదే, వద్దనను. కానీ "బయ్యర్లను నేను చూసుకుంటా, సరుకు వాళ్లు చూసుకుంటారు" అన్నావు చూడు, అక్కడ నాకు నిద్ర ఎగిరిపోయింది. బయ్యర్ ఎక్కడో ఒకచోట తగుల్తాడు. మొదటి సరుకు కూడా ఎట్లనో ఒకట్ల ఓడ ఎక్కుతుంది. మనవాళ్లు బోర్లా పడేది రెండో లాటు దగ్గర, అంటే అదే సరుకు రెండో విడత అచ్చంగా అలాగే చేయాల్సిన దగ్గర.

మీ చిన్నమ్మ తొక్కు సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది గానీ, నువ్వు ఈ పనిలోకి దిగుతానంటున్నావు కాబట్టి చెప్తున్నా. పోయిన ఎండాకాలం డాలస్‌లో మనవాళ్ల దుకాణానికి మామిడికాయ తొక్కు నలభై సీసాలు శాంపిల్ పంపింది. అన్నీ గానుగ నువ్వుల నూనెతో పెట్టినవే. వాళ్లకు తెగ నచ్చి ఆరు వందల సీసాలకు ఆర్డర్ పెట్టారు. నాచారం షెడ్డులో పండగే పండగ. అట్టపెట్టెల కొలతలు రాసుకుందామని నేను పోయేసరికి, గోడ పక్కన పల్లి నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నా. "నువ్వుల నూనె రేటు పెరిగింది బావా, సగం సగం కలిపినం. అయినా మన తొక్కుకు అసలు రుచి పల్లి నూనెదే కదా" అంది. రుచి విషయంలో ఆమె మాట కాదనలేను. మా అమ్మ కూడా పల్లి నూనెతోనే పెట్టేది. కానీ సీసా మీద లేబుల్ అప్పటికే అతికించి ఉంది. అందులో నువ్వులున్నాయి, ఆవాలున్నాయి, పల్లీ ఊసే లేదు.

అమెరికాలో అలర్జీ పదార్థాలని తొమ్మిదింటిని చట్టంలో రాసుకున్నారు. వాటిలో పల్లీ ఉంది. నువ్వులను 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోదిగా చేర్చారు. బాగా శుద్ధి చేసిన నూనెలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది గానీ, మన గానుగ నూనెకు అది వర్తించదు. పల్లీ పడని పిల్లాడు ఆ తొక్కు ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు వాచి ప్రాణం మీదికి వస్తుంది. రూపాయల నష్టం మాట తర్వాత, ముందు ఆ పిల్లాడు నా కళ్ల ముందు కదిలాడు. చిన్నమ్మకు అదే చెప్పా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ లాటంతా ఇక్కడే తెలిసినవాళ్లకు, హాస్టళ్లకు అమ్మేసి, మళ్లీ నువ్వుల నూనెతో పెట్టింది. లాభమంతా అక్కడే ఆవిరైంది. సరుకు మూడు వారాలు ఆలస్యం. పాపం, ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్క కల్తీ చేయలేదు. అలవాటు కొద్దీ ఇంట్లో పెట్టుకున్నట్టే పెట్టింది, అంతే.

ఇప్పుడు షెడ్డులో మేకుకు ఒక పొడుగు పుస్తకం వేలాడుతుంటుంది. కాయ ఏ తోటది, ఏ రోజు కోశారు, ఉప్పు ఎన్ని కిలోలు, నూనె ఎక్కడిది, కారం మలక్‌పేట గంజ్‌లో ఏ దుకాణానిది, ఏ బస్తాలోది, అన్నీ అందులో ఎక్కాల్సిందే. కారం దగ్గర నేను చాదస్తం చేస్తానని నవ్వుతారు. 2005లో బ్రిటన్‌లో వందల రకాల తినుబండారాలను దుకాణాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. మన దేశం నుంచి పోయిన కారంలో సూడాన్ అనే తినకూడని రంగు కలిసి, ఆ కారం ఒక సాసులో, ఆ సాసు ఇంకెన్నో వంటకాల్లో చేరింది. ఎర్రగా కనిపించాలని ఎవడో కలిపిన రంగు అది. ఏ బస్తా కారం ఏ సీసాలోకి పోయిందో రాసిపెట్టుకుంటే రేపు మన మీద మాట వచ్చినా ఆ పది సీసాల దగ్గర ఆపొచ్చు. రాసుకోకపోతే ఆరు వందలూ పోయినట్టే.

ఇంకో అంకె ఉంది, 4.6. పులుపు కొలిచే పీహెచ్ దానికి దిగువన ఉండాలి. పైకి పోతే, గాలి తగలని సీసాలో బాటులిజం అనే ప్రాణం తీసే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరగొచ్చు. చిన్నమ్మ నాలుకకు పులుపు తెలుసు, కాదనను. కానీ అమెరికా ఆఫీసరుకు ఆమె నాలుకను పంపలేం కదా. అందుకే ల్యాబ్ రిపోర్టు, దాంతోపాటు షెడ్డులో ఒక మీటరు. ప్రతి లాటుకూ కొలుస్తుంది, రాస్తుంది, సంతకం పెడుతుంది. మొదట్లో ఆ మీటరును చూసి "ఇదేం జ్వరం చూసేదా" అన్న మనిషి, ఇప్పుడు అల్లం వెల్లుల్లి దంచే పిల్ల మీద కూడా ఆ పుస్తకం పట్టుకుని పెత్తనం చేస్తోంది.

టొరంటో నుంచి కూడా అడుగుతున్నారట. అదే సీసా, అదే లేబుల్ పంపేద్దాం అంది. కుదరదు. అమెరికా తొమ్మిదింటిలో ఆవాలు లేవు, కెనడా జాబితాలో ఉన్నాయి. యూరప్ వాళ్లు రాసుకున్న పద్నాలుగింటిలో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. కెనడాకైతే ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచిలో కూడా అచ్చు వేయాలి. మన ఆవపిండికి ఇన్ని దేశాల్లో ఇంత పేరుందని నాకు ఈ మధ్యే తెలిసింది.

అన్నట్టు, అమెరికాలో తిండి, మందుల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ చేయిస్తామని వేలకు వేలు అడిగేవాళ్లు నీ వెంట పడతారు. తిండి సరుకు తయారుచేసే చోటును అక్కడ నమోదు చేసుకోవడానికి ఆ సంస్థ పైసా కూడా తీసుకోదు. అమెరికాలో మన తరఫున ఒక ఏజెంటు ఉండాలి, ఆయన ఫీజు వేరు. సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు లోపల మళ్లీ నమోదు చేసుకోవాలి. నమోదు అయిందంటే వాళ్లు మన తొక్కును మెచ్చుకున్నారని అర్థం కాదు. సీసా మీద "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని కొట్టించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తిండి సరుకు కాదు, ఇనుము సరుకే చూస్తానంటావేమో. అక్కడా ఇదే కథ. బాలానగర్‌లో ఒకాయన ఫ్లాంజీలు, అంటే పైపులను కలిపే ఇనుప చక్రాలు, చేస్తాడు. చేతిలో ఎంత పనితనమంటే, మైక్రోమీటర్ పెట్టకుండానే కొలత చెప్తాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు బయ్యర్‌కు పంపిన కొటేషన్ చూపించాడు. "ఎఫ్‌ఓబీ హైదరాబాద్" అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చూ పూచీ మనవే. హైదరాబాద్‌కు ఓడ ఎక్కడ వస్తుంది, హుస్సేన్‌సాగర్‌లోకా? ఇన్‌కోటెర్మ్స్ 2020లో, అంటే ఖర్చూ పూచీ ఎక్కడ చేతులు మారతాయో చెప్పే అంతర్జాతీయ నిబంధనల్లో, పదకొండు పద్ధతులున్నాయి. డిపోలో కంటైనర్ అప్పజెప్పి చేతులు దులుపుకునేవాడికి ఎఫ్‌సీఏ అనేది ఉంది. ఆయన వేసింది షెడ్డు గేటు ధర, రాసింది ఓడ ధర. సనత్‌నగర్ నుంచి ముంబై దగ్గరి నవాషేవా రేవు దాకా రైలు, డిపో ఛార్జీలు, క్లియరింగ్, రేవు ఖర్చులు అన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ఆ ఆర్డర్ మీద ఆయనకు మిగిలింది పేరు మాత్రమే.

చెక్క పెట్టెల గురించి కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెక్క నడిమధ్య 56 డిగ్రీల వేడి తగిలి అరగంట అలాగే ఉండాలి, లేదంటే పురుగు చచ్చే మందు పొగ పట్టించాలి. గోధుమ కంకి గుర్తున్న ముద్ర పెట్టె మీద పడాలి. లేకపోతే పెట్టెలో పురుగుందని అవతలి రేవులో ఆపేస్తారు, లోపల ఉన్నది బంగారమైనా సరే.

నా తప్పు కూడా ఒకటి చెప్పనీ. నేను పనిలో బాగా పండిపోయానని అనుకుంటున్న రోజుల్లో జరిగింది. ఒక యజమానికి లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద ఆర్డర్, అంటే కాగితాలు సరిగ్గా ఇస్తే డబ్బు ఇస్తానని బయ్యర్ బ్యాంకు రాసిచ్చే హామీ మీద. సరుకు బంగారంలా వెళ్లింది. ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల లోపల కాగితాలు బ్యాంకులో ఇవ్వాలి. సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌లో ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని దిద్దించుకొద్దామని పండగ సెలవుల్లో తిరుగుతూ కూర్చున్నా. బ్యాంకు మెట్లెక్కేసరికి ఇరవై మూడో రోజు. బ్యాంకు సరుకును చూడదు బిడ్డా, కాగితాన్నే చూస్తుంది. లోపం ఉందని రాసి పంపింది. ఈలోపు అక్కడ ఆ సరుకు ధర పడిపోయింది. బయ్యర్‌కు అదే సందు దొరికింది, తగ్గిస్తే తీసుకుంటానన్నాడు. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. టీ తెప్పించి ఇచ్చాడు. ఆ టీ గుటక ఇప్పటికీ గొంతు దిగలేదు నాకు.

యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల సంస్థ ఉంది కదా, మీ స్కూలు బస్సు పోయే దారిలో. 1960లో ఢిల్లీలో మొదలై 1962లో ఇక్కడికి వచ్చింది. 1964లో డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికా ప్రొఫెసర్ కాకినాడ వ్యాపారులను అక్కడికి రప్పించి, సాధించాలన్న తపన నేర్పితే వస్తుందా అని పరీక్షించాడు. నేను ఆ సంస్థలో ట్రైనింగుకు పోయినప్పుడు ఇది విని చాలా రోజులు ఆలోచించాను. నా మటుకు నాకు తోచేది, ఈ షెడ్లలో తపనకు కొదవ లేదు. రాత్రి పదింటికి కూడా లేత్ తిరుగుతూనే ఉంటుంది. కొదవంతా ఆ మేకుకు వేలాడే పుస్తకానికే. నిన్న చేసింది ఇవాళ అచ్చంగా మళ్లీ ఎలా చేయాలో కాగితం మీద లేదు, యజమాని వేళ్లలో ఉంది. ఆయనకు జ్వరం వస్తే కొలత మారుతుంది.

మిగతా కాగితాలు నీకు వారంలో వస్తాయి. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులకు కావాల్సిన నంబరు, అయిదు వందల రూపాయలు, ఆన్‌లైన్లో ఒక పూట పని. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించి ఎగుమతిదారునైపోయానని అనుకునేవాళ్లున్నారు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్యలో వివరాలు మారకపోయినా సరే ఒకసారి సరిచూసి ఒప్పుకోవాలి, లేదంటే ఆ నంబరు పడుకుంటుంది. జీఎస్‌టీలో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తానని ఇచ్చే హామీ పత్రం) కూడా ఏటేటా. విదేశీ డబ్బు వచ్చే బ్యాంకు ఏడీ కోడ్‌ను కస్టమ్స్ దగ్గర ఎక్కించాలి. కొత్త బయ్యర్ అరువడిగితే ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ఈసీజీసీ గడప తొక్కు; డబ్బు రాని రోజుల కోసమే 1957లో దాన్ని పెట్టారు. సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్ కోడ్ దగ్గర మాత్రం తొందర వద్దు. 2001 అనే శీర్షిక వెనిగర్‌తోనో అసిటిక్ యాసిడ్‌తోనో తయారుచేసిన కాయగూరలది. మన తొక్కులో వెనిగర్ ఎక్కడుంది? ఇట్లాంటివి క్లియరింగ్ ఏజెంటుతో కూర్చుని తేల్చుకో, పక్కవాడు రాసిన కోడ్ చూసి రాయకు.

నీ పని గురించి నా మాట ఇదీ. షెడ్డుకు పోయిన మొదటి రోజు బయ్యర్ మాట ఎత్తకు. ఒకే వస్తువు రెండు లాట్లు చేయించి, వారం తేడాతో రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టించు. తేడా ఎంతో యజమాని కళ్లతోనే చూడనీ. తేడా ఉంటే "ఇప్పుడే వద్దన్నా, ఆరు నెలలు ఆగుదాం" అని చెప్పగలగాలి. ఆ మాటకు నీకెవరూ ఫీజు ఇవ్వరు. ఆర్డర్ మీద కమీషన్ పెట్టుకున్నావంటే ఆ మాట నీ నోట రానే రాదు, అందుకే నెలకింత అని తీసుకో, తక్కువైనా సరే. నీ జీతంతో పోలిస్తే మొదటి రెండేళ్లు ఇబ్బందే. పై గది ఖాళీగానే ఉంది, అద్దె అడగను. మీ అమ్మ అడుగుతుందేమో.

ఉద్యోగం మానేసే ముందు ఒక పది రోజులు సెలవు పెట్టి రా. కాయ కోత మొదలవుతోంది, చిన్నమ్మ టొరంటో లేబుల్ కోసం కూర్చుంది. ఫ్రెంచిలో ఆవాలను ఏమంటారో నన్నడుగుతోంది, నేనేం చెప్పను? శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున మియాపూర్‌లో దిగుతావు. స్కూటర్ తెస్తా, నేరుగా నాచారమే పోదాం. పాత చెప్పులు వేసుకుని రా, అక్కడంతా నూనె.

నాన్న