బడి తెరిచిన వారంలోనే చూడాల్సిన పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడి తెరవగానే మూడు, నాలుగు తరగతుల్లో చాలా రోజులు పాత పాఠాల పునశ్చరణకే పోతాయి. ఒక్కసారి వింటే పట్టేసే పిల్లలకు బడంటే విసుగు మొదలయ్యేది అప్పుడే.

వాళ్లను గుర్తించాలంటే, లెక్కల పాఠం మొదలెట్టకముందే దాని చివరి అభ్యాసంలోంచి బాగా కష్టమైన 5 లెక్కలు అందరికీ ఇవ్వాలి. 15 నిమిషాలు చాలు. నాలుగు సరిగ్గా చేసినవారికి ఆ పాఠంలో మిగతా లెక్కలు వద్దు. పొరపాటు జరిగేది ఇక్కడే. తొందరగా ముగించిన పిల్లకు అలాంటివే మరో ఇరవై ఇస్తారు. అది శిక్షే! రెండుసార్లు అలా జరిగితే ఆ పిల్ల కావాలనే నెమ్మదిగా రాస్తుంది. బదులుగా లోతైనది అడగండి: 1 నుంచి 100 వరకు రాస్తే 7 అంకె ఎన్నిసార్లు వస్తుంది? 20 అంటే సరిపోదు, 77ను రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టాలో చెప్పాలి. రోజూ పక్కవాళ్లకు నేర్పమని కూర్చోబెట్టడమూ తగదు, వాళ్లూ నేర్చుకోవడానికే వచ్చారు.

తెలుగు గడగడా చదివేవారే తెలివైనవారని అనుకోకూడదు. మెళియాపుట్టి, మందస కొండల్లో ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలు, ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లలు రాతపరీక్షలో కనబడకుండా పోతారు. చింతపిక్కలతో 1, 3, 6, 10 త్రిభుజాలు పేర్చి, తరవాతది పేర్చమనండి. 15 పిక్కలు తీసుకున్నారంటే సూత్రం పట్టినట్టే, మాటతో పనిలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారిది ఈ జిల్లాయే కదా.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే జూన్ స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించి, తరగతికి ఇలాంటి పది ప్రశ్నల చొప్పున తయారుచేసి బడులకు పంచాలని అధికారులను కోరుతున్నాం.

– కొందరు ప్రాథమిక ఉపాధ్యాయులు, శ్రీకాకుళం జిల్లా